చెలమకు తలరాయి

అనగనగా ఒక అడవి. అడవి అనగానే ఆకాశాన్నంటే చెట్లుంటాయనుకునేరు! ఈ అడవిలో చెట్ల కంటే రాళ్ళే ఎక్కువ. నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు, పొరలు పొరలుగా ఊడివచ్చే రాళ్ళు, పట్టుకుంటే చేతికి మెరుపు అంటుకునే రాళ్ళు. ఎటు నడిచినా కాలికి ఏదో ఒక రాయి తగలాల్సిందే. అందుకే ఆ చుట్టుపక్కల వాళ్ళందరూ దాన్ని రాళ్ళడవి అనేవాళ్ళు.

ఆ రాళ్ళడవిలో ఒక బడి ఉండేది. మన బడిలా గోడలూ బెంచీలూ ఏమీ లేవు. ఒక పెద్ద బండ ముందుకు వంగి నీడ ఇస్తూ ఉంటుంది. ఆ నీడే బడి. అక్కడ చదువు చెప్పేది ఒక ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళే కాబట్టి వాళ్ళమ్మ ఆమెకు కంపమ్మ అని పేరు పెట్టింది. ముళ్ళు ఒంటికే గానీ మాటకు లేవు. పిల్లలందరూ ఆమెను ‘పంతులమ్మా’ అని పిలిచేవాళ్ళు.

ఆ బడిలో రివ్వి అనే ముంగిసపిల్ల చదువుకునేది. రివ్వున ఇటు, రివ్వున అటు. కూర్చోమంటే నిలబడేది, నిలబడమంటే పరుగెత్తేది. మనసు మాత్రం మంచిదే. కాకపోతే ఏదైనా నచ్చిందంటే చాలు, ఇక దానిలో వంక కనబడేది కాదు. ఎవరైనా చూపించినా వినేది కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, అచ్చం అలాగే.

చలి వెళ్ళిపోయి, మోదుగచెట్లు ఎర్రగా పూసే రోజులు వచ్చాయి. ఏటా ఆ రోజుల్లోనే పంతులమ్మ రాళ్ళ చదువు మొదలుపెట్టేది.

మొదటి రోజు పంతులమ్మ పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టింది.

“అందరూ కళ్ళు మూసుకోండి. చేతులు చాపండి,” అంది.

పిల్లలు కళ్ళు మూసుకున్నారు. రివ్వి ఒక కన్ను కొంచెం తెరిచి ఉంచిందనుకోండి, అది వేరే సంగతి. పంతులమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రాయి పెట్టింది.

“ఇప్పుడు చేత్తో చూసి చెప్పండి. ఎలా ఉంది?”

“నాది గరుకుగా ఉంది,” అంది కుందేలుపిల్ల.

“నాది నున్నగా, సబ్బులా జారిపోతోంది,” అన్నాడు తాబేలుపిల్లాడు. వాడి పేరు నిదానం.

తర్వాత అడవిపంది పిల్లాడు దుబ్బు వంతు. వాడి దగ్గర్నుంచి కరకరమని చప్పుడు వచ్చింది.

“ఒరేయ్ దుబ్బూ, ఏం చేస్తున్నావురా?”

“కొరికి చూశాను పంతులమ్మా. చప్పగా ఉంది,” అన్నాడు వాడు.

బడంతా గొల్లుమంది. పంతులమ్మ కూడా నవ్వింది.

“నవ్వకండి. వాడు వాడికి వచ్చినట్టు రాయిని పలకరించాడు. పలకరించకుండా ఊరికే పేర్లు బట్టీపడితే ఏం లాభం?” అంది.

అలా రోజుకొక ఆట. ఒకరోజు అభ్రకం తెచ్చింది. పిల్లలు గోటితో దాని పొరలు తీశారు. ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆ పొరల్లోంచి సూర్యుణ్ణి చూసి మురిసిపోయారు. ఇంకోరోజు ఇసుకరాయి మీద ఒక నీటిచుక్క వేసింది. చూస్తుండగానే చుక్క మాయమైంది.

“ఎక్కడికి పోయింది?” అని అడిగింది పంతులమ్మ.

“రాయి తాగేసింది!” అని అరిచింది రివ్వి.

“శభాష్! మరి ఈ పలుగురాయి మీద వెయ్యి.”

తెల్లగా మెరిసే పలుగురాయి మీద చుక్క అలాగే నిలబడింది. రివ్వి దాన్ని ఎంతసేపు చూసినా అది కదలలేదు.

మరో రోజు పంతులమ్మ తన ఒంటి నుంచి ఊడిన ముళ్ళు తెచ్చి తలా ఒకటి పంచింది.

“ఇదే మీ పుస్తకం. దీనితో రాయిని గీయండి. గీత పడితే అది మెత్తని రాయి. పడకపోతే గట్టి రాయి. తర్వాత ఇంకో రాయితో తట్టండి. ఖంగుమంటే లోపల బలం ఉన్నట్టు. బొద్దుమంటే లేనట్టు. ఆఖరున నీళ్ళలో వేయండి. పొద్దున్న వేసి సాయంత్రం తీయండి. రంగు విడిచిందా, అంచు కరిగిందా చూడండి. ఏదీ, అందరూ చెప్పండి. గీసి చూడు!”

“గీసి చూడు!” అన్నారు పిల్లలు.

“తట్టి చూడు!”

“తట్టి చూడు!”

“నానేసి చూడు!”

“నానేసి చూడు!”

“రాయికి నోరు లేదనుకోకండి. దానికీ నోరుంది. కాకపోతే అడిగితేనే మాట్లాడుతుంది,” అంది పంతులమ్మ.

ఈ చదువంతా ఎందుకనుకుంటున్నారు? దానికో పెద్ద పని ఉంది. చెబుతాను వినండి.

ఎండలు ముదిరేసరికి ఆ అడవిలో వాగు ఎండిపోయేది. ఇసుక మాత్రమే మిగిలేది. ఆ ఇసుకలో గుంట తవ్వితే అడుగున నీళ్ళు ఊరేవి. ఆ గుంటనే చెలమ అంటారు. ఎండాకాలమంతా అడవిలో అందరి ప్రాణాలూ ఆ చెలమ మీదే. కానీ ఇసుక ఊరుకుంటుందా? జారి జారి గుంటను పూడ్చేస్తుంది. అందుకని చెలమ చుట్టూ రాళ్ళు పేర్చేవాళ్ళు. వానాకాలంలో వరద వచ్చి వాటిని కొట్టుకుపోయేది. మళ్ళీ ఏడాది మళ్ళీ కొత్త రాళ్ళు. ఆ రాళ్ళు తెచ్చే బాధ్యత ఎవరిదో తెలుసా? ఆ ఏడాది రాళ్ళ చదువు చదివిన పిల్లలది.

వాటిలో ఒక రాయి అన్నింటికంటే ముఖ్యం. నీళ్ళు ఊరే వైపు, అన్నింటికంటే ఎగువన, అడుగు నీళ్ళలో మునిగేలా పెట్టే పెద్దరాయి. దాన్ని తలరాయి అనేవాళ్ళు. మిగిలిన రాళ్ళన్నీ దాని మీదే ఆనుకుని ఉంటాయి. తలరాయి తెచ్చిన వాళ్ళే చెలమలో తొలి గుక్క తాగాలని ఆ అడవిలో ఆచారం.

రివ్వి వాళ్ళమ్మ చిన్నప్పుడు ఒకసారి తలరాయి తెచ్చిందట. “ఆ తొలి గుక్క తీపి ఇంకా నా నాలుక మీదే ఉందే,” అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విన్నప్పుడల్లా రివ్వికి నోరూరేది. ఈ ఏడాది తొలి గుక్క నాదే కావాలి అని గట్టిగా అనుకుంది.

“రాళ్ళు వెతుక్కోండి. మూడు పరీక్షలూ మీరే పెట్టండి. నేను చూడను. రేపు నేను లేనప్పుడు కూడా మీరే చూసుకోవాలి కదా!” అని పంతులమ్మ పిల్లలను పంపించింది.

పిల్లలు తలో దిక్కుకూ పోయారు. రివ్వి వాగు గట్టు వెంట పరుగెత్తింది. ఒకచోట గట్టు విరిగిపడి ఉంది. ఆ మట్టిలో ఎర్రగా ఏదో కనిపించింది. గబగబా తవ్వింది. తీరా చూస్తే, ఒక ఎర్రరాయి! మోదుగపూవంత ఎరుపు. నున్నగా, గుండ్రంగా, అచ్చం గుడ్డులా ఉంది. అసలే ముంగిసలకు గుడ్డు అంటే ప్రాణం. అందులోనూ తన ఒళ్ళంత గుడ్డు! రివ్వి దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. దానికి చెంప ఆనించింది.

“ఇదే తలరాయి. ఇంకేమీ వెతకక్కర్లేదు,” అనుకుంది.

అయినా పంతులమ్మ చెప్పింది కదా. ముల్లు తీసి గీసింది. ఎర్రటి పొడి రాలి, సన్నటి గీత పడింది.

రివ్వి గబుక్కున ముల్లు వెనక్కి తీసేసింది. “నేనే మరీ గట్టిగా గీశాను. అంత గట్టిగా గీస్తే ఏ రాయికైనా గీత పడుతుంది,” అనుకుంది. ఆ గీతను అరచేత్తో తుడిచేసింది.

తర్వాత ఒక గులకరాయి తీసుకుని తట్టింది. బొద్దుమంది.

“కింద మెత్తటి మట్టి ఉంది కదా, అందుకే అలా మోగింది. బండ మీద పెట్టి తడితే ఖంగుమంటుంది,” అనుకుంది. కానీ బండ మీద పెట్టి తట్టలేదు.

ఇక మిగిలింది నానేయడం. బడి పక్కన ఒక రాతిగుంటలో వాననీళ్ళు ఇంకా కాసిని నిలిచి ఉన్నాయి. పిల్లలు తమ రాళ్ళను దొర్లించుకొచ్చి అందులో వేస్తున్నారు. రివ్వి కూడా తన రాయిని అక్కడిదాకా దొర్లించింది. గుంట అంచున ఆగింది. వేస్తే ఏమవుతుందో దానికి తెలియదా? తెలుసు. లోపల ఎక్కడో తెలుసు. అందుకే వేయలేదు.

రాయిని పక్కనే ఉన్న కలేపొద కింద దాచి, పైన ఆకులు కప్పింది. సాయంత్రం అందరూ రాళ్ళు బయటికి తీస్తున్నప్పుడు, తన రాయి మీద కాసిని నీళ్ళు చిలకరించి వరసలో పెట్టింది.

పంతులమ్మ వచ్చింది. ఆమెకు చూపు కొంచెం మందం. ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది.

“నిదానం, నీ రాయి?”

వాడి రాయి బూడిదరంగులో, బొడిపెలు బొడిపెలుగా ఉంది. చూడ్డానికి ఏమీ బాగాలేదు. “గీత పడలేదు పంతులమ్మా. ఖంగుమంది. నానేశాను, ఏమీ కాలేదు,” అన్నాడు నిదానంగా.

“రివ్వీ, నీది?”

“గీత పడలేదు పంతులమ్మా! ఖంగుమంది! నానేశాను!” అంది రివ్వి, ఊపిరి తిప్పుకోకుండా.

“సరే తల్లీ,” అంది పంతులమ్మ. ఆమె పిల్లల మాట నమ్మే మనిషి. అదే, నమ్మే ఏదుపంది.

ఎర్రరాయిని చూసి అందరూ ముచ్చటపడి, దాన్నే తలరాయిగా ఎంచారు. “ఇంత అందమైన తలరాయి మా తరంలో చూడలేదు!” అన్నాడు తోకయ్య అనే కొండముచ్చు. ఆయనకు తెలియని సంగతి లేదని ఆయన నమ్మకం.

మర్నాడు చెలమ కట్టారు. దుబ్బు మూతితో ఇసుక తవ్వాడు. నీళ్ళు ఊరాయి. ఎగువన ఎర్రరాయి, దాని పక్కనే నిదానం రాయి, ఆ తర్వాత మిగిలిన రాళ్ళు. అందరూ చుట్టూ నిలబడితే రివ్వి ముందుకు వచ్చి తొలి గుక్క తాగింది.

ఏమిటో! తియ్యగా లేదు. మామూలు నీళ్ళలాగే ఉన్నాయి. నాలుకకు కొంచెం మట్టి కూడా తగిలింది.

“ఎలా ఉన్నాయే?” అని వాళ్ళమ్మ ఆశగా అడిగింది.

“తియ్యగా ఉన్నాయమ్మా,” అంది రివ్వి. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు కావాలి కదా మరి.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు ఎర్రరాయి కింద నీళ్ళలో సన్నటి ఎర్రచార కనిపించింది. రివ్వి ఎవరూ చూడకుండా తోకతో నీళ్ళు కలిపేసింది. మర్నాడు చార ఇంకాస్త లావయింది. ఆ పై రోజు రాయి అంచు పట్టుకుంటే వేలికి బురదలా అంటింది. రివ్వికి తిండి సయించలేదు. ‘ఇవాళ చెప్పేస్తాను’ అనుకునేది. తీరా పంతులమ్మ ఎదురైతే ‘రేపు చెబుతాను’ అనుకునేది.

రేపు రానే వచ్చింది. నడినెత్తిన ఎండ మండిపోతుండగా చెలమ దగ్గర దబ్బుమని చప్పుడైంది. అందరూ పరుగున వెళ్ళారు. ఎర్రరాయి మెత్తబడి, రెండుగా విచ్చి కూలిపోయింది. దాని మీద ఆనుకున్న నిదానం రాయి దొర్లి అడుగున పడింది. ఆ వెనకే మిగిలిన రాళ్ళు. వాటి వెనక బోలెడంత ఇసుక. చెలమ పూడిపోయింది. తాగడానికి చుక్క నీరు లేదు.

ఒక తల్లిజింక తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. మొన్నమొన్న పుట్టిన పిల్ల. కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. అది తడి ఇసుకను నాకి, ‘నీళ్ళేవీ?’ అన్నట్టు వాళ్ళమ్మ మొహం చూసింది.

తోకయ్య కోపంగా గుంటలోకి దిగాడు. అడుగున నిదానం రాయి, దాని కింద ఎర్రటి ముద్ద కనిపించాయి.

“ఇదిగో! అంతా ఈ బొడిపెల రాయి వల్లే! ఇది జారి మీద పడి, బంగారంలాంటి ఎర్రరాయిని నుజ్జునుజ్జు చేసింది. ఒరేయ్ నిదానం, ఇలాంటి రాయి ఎలా తెచ్చావురా? నానేశావా అసలు?” అని గద్దించాడు.

“నానేశానండీ... పొద్దున్న వేసి సాయంత్రం తీశానండీ...” అన్నాడు నిదానం. వాడి మాట వాడికే వినబడలేదు. అందరూ తననే చూస్తుంటే వాడు తలా కాళ్ళూ లోపలికి లాక్కున్నాడు. ఇక బయటికి రాలేదు.

రివ్వి గుండెల్లో రాయి పడ్డట్టయింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడింది.

పంతులమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. “పసివాళ్ళు దాహంతో ఉన్నారు. ముందు ఆ సంగతి చూద్దాం,” అని దుబ్బుతో పక్కన ఒక చిన్న గుంట తవ్వించింది. అందులో దోసెడు నీళ్ళు ఊరాయి. జింకపిల్లకు రెండు గుక్కలు, కుందేలుపిల్లకు ఒక గుక్క. పెద్దవాళ్ళకు ఏమీ లేదు. అందరూ నీడకు వెళ్ళిపోయారు.

రివ్వి ఒక్కతే పూడిన చెలమ దగ్గర ఉండిపోయింది. “నేనే తవ్వేస్తాను. చెలమ మళ్ళీ వస్తే ఎవరూ ఏమీ అడగరు,” అనుకుని రెండు చేతులా ఇసుక తోడింది. తోడినంతా మళ్ళీ జారిపడింది. ఇంకా లోతుగా తోడింది. ఇంకా ఎక్కువ జారింది. ఎగువన ఆపడానికి రాయి లేదు కదా, ఎలా ఆగుతుంది? తల ప్రాణం తోకకొచ్చింది గానీ చెలమ మాత్రం రాలేదు. చివరికి రివ్వి చేతులు చూసుకుంది. అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఇసుకతో రుద్దింది. పోలేదు.

పక్కనే నిదానం ఇంకా చిప్పలోనే ఉన్నాడు. ఆ ఎండలో కదలకుండా అలాగే పడి ఉన్నాడు. లోపలి నుంచి సన్నగా ఎక్కిళ్ళు వినిపించాయి.

రివ్వికి ఏడుపు ఆగలేదు. నేరుగా బండ నీడకు పరుగెత్తింది. అక్కడ అందరూ ఉన్నారు. వాళ్ళమ్మ కూడా ఉంది. రివ్వి ఎర్రటి చేతులు చాపి చూపించింది.

“పంతులమ్మా! తప్పు నిదానంది కాదు. నాది. నా రాయికి గీత పడింది. తడితే బొద్దుమంది. నేను నానేయలేదు. పొద కింద దాచాను. నీళ్ళు చల్లి, నానేశానని చెప్పాను,” అంది.

వాళ్ళమ్మ తల దించుకుంది. తోకయ్య తోకను అటూ ఇటూ విసిరి, చివరికి దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

“నాకు ఆ రాయి చాలా నచ్చింది పంతులమ్మా. నానేస్తే కరిగిపోతుందని భయమేసింది,” అని వెక్కివెక్కి ఏడ్చింది రివ్వి.

పంతులమ్మ దగ్గరికి వచ్చింది. ముళ్ళు గుచ్చుకోకుండా పక్కకు ఒదిగి కూర్చుంది.

“నాకు బాధగానే ఉంది రివ్వీ. లేదని చెప్పను. నువ్వు నాతో ఆడిన అబద్ధం కంటే, నిదానం మీద మాట పడుతుంటే ఊరుకున్నావే, అది ఎక్కువ బాధగా ఉంది. ఆ రాయి మాత్రం అబద్ధమాడలేదు. గీసినప్పుడు చెప్పింది. తట్టినప్పుడు మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పబోతే నువ్వే దాని నోరు మూశావు,” అంది.

“అది చెడ్డరాయా పంతులమ్మా?”

“రాళ్ళలో చెడ్డవి ఉండవే. అది జేగురురాయి. బొమ్మలు వేయడానికి దాన్ని మించింది లేదు. నీళ్ళను ఆపమంటే అది ఎక్కడ ఆపుతుంది? ముక్కలు ఏరి తెచ్చి బడిలో పెట్టు, రేపు పిల్లలు బొమ్మలు వేస్తారు. ఇప్పుడు చేయాల్సింది ఏమిటో నీకు తెలుసు కదా!”

రివ్వికి తెలుసు. ముందుగా నిదానం దగ్గరికి వెళ్ళింది. చిప్ప మీద మెల్లగా తట్టింది.

“నిదానం, అందరికీ చెప్పేశాను. తప్పు నాది. నన్ను క్షమించు,” అంది.

చాలాసేపటికి చిప్పలోంచి ముక్కు బయటికి వచ్చింది. “ఎండలో నుంచి నన్ను కాస్త నీడకు నెట్టు. నడిచే ఓపిక లేదు,” అన్నాడు వాడు. రివ్వి వాణ్ణి జాగ్రత్తగా నీడకు నెట్టింది. ఆ తర్వాత రాయి కోసం బయలుదేరింది.

ముందుగా తెల్లటి రాయి ఒకటి కనిపించింది. ఎంత బాగుందో! రివ్వి ముల్లు తీసి గీసింది. గీత పడింది. దాన్ని అక్కడే వదిలేసింది. తర్వాత నిగనిగలాడే నల్లరాయి దొరికింది. గీత పడలేదు. రివ్వి దాన్ని బండ మీదికి దొర్లించి మరీ తట్టింది. బొద్దుమంది. లోపల ఎక్కడో పగులుంది. దాన్నీ వదిలేసింది. పొద్దు వాలుతుండగా ముళ్ళకంప కింద మూడో రాయి కనిపించింది. బూడిదరంగు, ఒళ్ళంతా బొడిపెలు. అచ్చం నిదానం రాయికి తోబుట్టువులా ఉంది. గీసింది. గీత లేదు, పైపెచ్చు ముల్లు మొనే విరిగింది. తట్టింది. ఖంగుమని గట్టు అవతలిదాకా వినిపించింది.

రివ్వి, దుబ్బు కలిసి దాన్ని తెచ్చేసరికి చీకటి పడింది. మర్నాడు పొద్దున్నే రివ్వి దాన్ని, రాత్రంతా నీళ్ళు ఊరిన చిన్న గుంటలో వేయబోయింది.

“ఇంకా నానేయడమేమిటి? గొంతులు ఎండిపోతున్నాయి! అది గట్టిరాయని చూస్తేనే తెలుస్తోంది. పట్టుకెళ్ళి పెట్టేయండి!” అని కేకలేశాడు తోకయ్య.

అవునవునని చాలామంది అన్నారు. పాపం, వాళ్ళకు దాహంగా ఉంది మరి.

రివ్వి రాయికి అడ్డంగా నిలబడింది. “నన్ను ఎంతైనా తిట్టండి బాబాయ్. సాయంత్రం దాకా మాత్రం ఆగండి. మొన్న కూడా చూస్తేనే తెలిసిపోయిందనుకున్నాం,” అంది.

తోకయ్య తోక ముడుచుకుని నీడకు పోయి కూర్చున్నాడు.

ఆ పగలంతా చాలా పొడుగ్గా గడిచింది. పెద్దవాళ్ళు పక్కన ఇంకో గుంట తీసి, ఊరిన నీళ్ళు పసివాళ్ళకు పట్టారు. తాము ఆకులు నమిలి ఊరుకున్నారు. రివ్వి గుంట పక్కనే కూర్చుంది. ఒకచోట క్షణం నిలవని రివ్వి, ఆ రోజు పొద్దు వాలేదాకా లేవలేదు!

సాయంత్రం పంతులమ్మ వచ్చింది. అందరూ గుమిగూడారు.

“ఏమ్మా రివ్వీ, ఎలా ఉంది నీ రాయి?” అని అడిగింది పంతులమ్మ.

రివ్వి తల అడ్డంగా ఊపింది.

“నన్ను అడగకండి పంతులమ్మా. రాయినే అడగండి,” అంది.

పంతులమ్మ నీళ్ళలోకి వంగి చూసింది. తేటగా, అడుగున ఇసుకరేణువులు కనబడుతున్నాయి. రాయి అంచులు తడిమింది. పొద్దున్న ఎలా వేశారో అలాగే ఉంది. ఆమె కళ్ళు చెమర్చాయి.

“ఎక్కడ పెట్టాలో పెట్టండి,” అంది.

అందరూ తలో చేయీ వేశారు. చెలమ మళ్ళీ తవ్వారు. ఎగువన రివ్వి తెచ్చిన రాయి, పక్కనే నిదానం రాయి. రెండూ భుజం భుజం కలిపి ఇసుకను ఆపాయి. నీళ్ళు మెల్లగా ఊరాయి.

“తొలి గుక్క తాగవే,” అన్నారు పెద్దవాళ్ళు.

రివ్వి పక్కకు తప్పుకుంది. “నిదానం తాగాలి,” అంది.

నిదానం ముందుకు వచ్చాడు. వాడు నిదానం కదా, ఆ ఒక్క గుక్క తాగడానికి బోలెడు సేపు పట్టింది. వెనక ఉన్నవాళ్ళు గుటకలు మింగుతూనే నవ్వారు. తర్వాత జింకపిల్ల, తర్వాత మిగిలిన పిల్లలు, ఆ తర్వాత పెద్దలు. తోకయ్య తాగే ముందు నిదానం చిప్పను ఒకసారి నిమిరాడు. “పొరబడ్డానురా అబ్బాయ్,” అన్నాడు.

అందరి తర్వాత, చిట్టచివర రివ్వి వంగి ఒక గుక్క తాగింది.

వాళ్ళమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఆ ఎరుపు ఇంకా పోలేదు.

“ఎలా ఉన్నాయే?” అని మెల్లగా అడిగింది.

“మొన్న అబద్ధం చెప్పానమ్మా. మొన్న తియ్యగా లేవు,” అంది రివ్వి. మూతి తుడుచుకుని వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. “ఇవాళ ఉన్నాయి.”

నీతి: మనకు బాగా నచ్చిన దాన్నే ముందుగా పరీక్షించి చూడాలి. నచ్చని నిజాన్ని తొందరగా వింటే నలుగురికీ మేలు.